భారతి కథల మీద పిహెచ్‌డి: అంశం కుదించడం, చార్టు, టైపింగ్, గడువులు

కాగితప్పడవ

తెలుగు శాఖలో ఫుల్‌టైమ్ పిహెచ్‌డి, కోర్సువర్క్ అయిపోయింది. అంశం ‘తెలుగు కథానికలో స్త్రీ చిత్రణ – సమగ్ర పరిశీలన’ అని ఇచ్చాను. ఆర్‌ఏసీ (పరిశోధన సలహా సంఘం)లో ఒక పత్రికకి, ఒక కాలానికి కుదించుకుని రమ్మన్నారు. పాత సాహిత్య మాసపత్రిక భారతి సంచికలు తీసుకుందామని ఆలోచన. వచ్చే సమావేశానికి సవరించిన సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) పెట్టాలి.

ఎన్నేళ్ల సంచికలు తీసుకుంటే మోయగలిగేంత పని అవుతుంది? వందల కథలు చదువుతూ నోట్సు ఎలా పెట్టుకోవాలి, చివర్లో వెతుక్కోకుండా? టైపింగ్ బయట డీటీపీ వాళ్లకి ఇస్తే అను ఫాంట్లలో చేస్తామంటున్నారు, అది ఫర్వాలేదా? తెలుగు థీసిస్‌కి ప్లేజరిజం (రచనాచౌర్యం) చెక్ నిజంగా పట్టించుకుంటారా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

మార్జిన్_నోట్

ముందు ‘సమగ్ర పరిశీలన’ కొట్టెయ్యండి. శీర్షికలో ఆ మాట ఉంటే వైవా (మౌఖిక పరీక్ష)లో పరీక్షకులు మీరు చూడని కథ ఒక్కటి బయటికి తీస్తే చాలు, మీ దగ్గర జవాబుండదు.

భారతి 1924 జనవరిలో మొదలై 1991 దాకా వచ్చింది. మాసపత్రిక కాబట్టి పదేళ్లంటే 120 సంచికలు. ఒక మనిషి రెండేళ్లలో చదివి, ఆలోచించి, రాయగలిగింది అంతే. అయితే ఏ పదేళ్లు అన్నదానికి కారణం చెప్పాలి. ‘సంచికలు సులువుగా దొరికాయి’ అనేది మీ సౌకర్యం, కారణం కాదు. మీ అంశానికి 1930–39 బాగా కుదురుతుంది. బాల్యవివాహాలని ఆపే శారదా చట్టం 1929లో పాసై 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్లికి ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు ఉండాలంది. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. పెళ్లి, వైధవ్యం, ఆస్తి ఈ మూడూ కథల్లో ఎలా మాట్లాడాయో చూడటానికి ఆ పదేళ్లకి రెండు వైపులా గట్టి గట్లున్నాయి.

ఇక ప్రశ్న. ‘స్త్రీ చిత్రణ ఎలా ఉంది?’ అని అడిగితే ‘వివిధ రకాలుగా ఉంది’ అని 250 పేజీలు రాయాల్సి వస్తుంది. ఇలా అడగండి: చట్టం వచ్చాక కథలో పెళ్లికూతురి వయసు చెప్పడం పెరిగిందా, తగ్గిందా? చెబితే ఎవరి నోట చెప్పించారు, కథకుడా, అత్తగారా, ఆ పిల్లేనా? వితంతువు కథ ఎలా ముగుస్తోంది: పునర్వివాహమా, చావా, పుట్టింటికి చేరడమా, అసలు ముగించకుండా వదిలెయ్యడమా? రచయిత్రులు రాసినవాటిలో ఆ ముగింపు మారుతోందా? ‘లేదు, మారలేదు’ అనే జవాబుకి కూడా చోటున్నదే పరిశోధన ప్రశ్న. ఏం తేలుతుందో ముందే తెలిసిపోయేదైతే అది ప్రశ్న కాదు, ఉపన్యాసం.

మొదటి అధ్యాయం గురించి ఒక హెచ్చరిక. మన థీసిస్‌లలో అది ఎప్పుడూ కథానిక పుట్టుపూర్వోత్తరాలతోనే మొదలవుతుంది: దిద్దుబాటు 1910, కాదు అంతకుముందు 1902లోనే భండారు అచ్చమాంబ ధనత్రయోదశి, ఆపైన నిర్వచనాలు, విదేశీయుల అభిప్రాయాలు, అరవై పేజీలు. అందరూ అవే నాలుగైదు పుస్తకాల్లోంచి ఎత్తుతారు. ప్లేజరిజం రిపోర్టులో ఎర్రబడేది సరిగ్గా ఆ భాగమే. మీరు నాలుగు పేజీల్లో తేల్చెయ్యండి. మిగతాది 1930ల్లో భారతికి రాసిందెవరు, చదివిందెవరు, పత్రిక కథకి ఎన్ని పేజీలిచ్చేది అనే సంగతికి వాడండి.

శీర్షిక ఖరారు చేసేముందు శోధగంగ, శోధగంగోత్రి సైట్లు రెండూ చూడండి. మొదటిదాంట్లో పూర్తయిన థీసిస్‌లు, రెండోదాంట్లో నడుస్తున్నవాటి సినాప్సిస్‌లు ఉంటాయి. తెలుగు థీసిస్‌ల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, స్పెల్లింగుకి లెక్కలేదు. ‘భారతి’ని ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి, కథ, కథలు, కథానిక విడివిడిగా కొట్టి వెతకండి. ఒక్క స్పెల్లింగుతో వెతికి ‘ఈ అంశం మీద పని జరగలేదు’ అని రాసేస్తే ఆర్‌ఏసీలోనే పట్టుకుంటారు.

పాతసంచిక

సామగ్రి సంగతి నేను చెబుతాను.

మొదటి మెట్టు శ్రీకాకుళం కథానిలయం. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన ఈ గ్రంథాలయం సూచిక వాళ్ల సైటులో ఉంది. అక్కణ్నుంచి తొలి జాబితా తయారవుతుంది. కానీ అదే ఆఖరి జాబితా అనుకోకండి, ప్రతి కథనీ అసలు సంచికలో చూసి టిక్కు పెట్టుకోవాలి. భారతి స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ, ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పత్రికల్లోనూ దొరుకుతాయి. దొరికిన రోజే దింపి పెట్టుకోండి. స్కాన్లో పేజీలు ఎగిరిపోయి ఉండటం, రెండు నెలలు కలిపి ఒకే ఫైలు కావడం, లోపల ఒక సంవత్సరమైతే ఫైలు పేరు ఇంకో సంవత్సరం కావడం మామూలే. ఆ లోటు కాగితం సంచికలతో పూడ్చుకోవాలి: వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. వెళ్లేముందు ఏ నెలలు కావాలో కాగితం మీద రాసుకుని ఫోను చేసి అడగండి, గైడుగారి ఉత్తరం జేబులో పెట్టుకోండి. పాత బైండు జెరాక్సు తియ్యనివ్వరు, వెన్ను విరుగుతుంది. ఫోనుతో ఫొటోకి అనుమతి అడగండి.

ఎంత వెతికినా కొన్ని సంచికలు దొరకవు. దాచకండి. ‘120లో ఇన్ని చూశాను, చూడనివి ఈ నెలలవి’ అని ఉపోద్ఘాతంలోనే పట్టిక పెట్టండి. అది లోపం కిందికి రాదు. దాచి దొరికిపోతే మాత్రం వస్తుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. పాత పత్రికల్లో, ముఖ్యంగా ఉగాది సంచికల్లో, తెలుగు సంవత్సరం పేరే కనిపిస్తుంది. మీ పదేళ్లు ప్రమోదూత (1930–31) నుంచి ప్రమాథి (1939–40) దాకా వస్తాయి. కానీ 1930 జనవరి నుంచి ఉగాది దాకా ఇంకా శుక్ల నామ సంవత్సరమే. ‘శుక్ల మాఘం’ అని ఉంటే అది 1930 మొదట్లో పడుతుంది. శుక్ల అంటే 1929 అని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఏడాది వెనక్కి వేసేస్తారు. మాఘ ఫాల్గుణాలకి ఒక ఏడాది కలపాలి. పుష్యం డిసెంబరు, జనవరి రెండింటిలోనూ పడుతుంది కాబట్టి పంచాంగం చూడక తప్పదు. మీ ప్రశ్నే 1930 ఏప్రిల్‌కి ముందా తర్వాతా అన్నది. ఇక్కడ నెల తప్పితే వాదనే తప్పుతుంది.

నోట్సు పుస్తకంలో వద్దు, ఎక్సెల్‌లో పెట్టండి. కథకి ఒక వరస, గడికి ఒక్క సంగతి. వరస సంఖ్య, కథ పేరు అచ్చులో ఉన్నట్టే, రచయిత పేరు అచ్చులో ఉన్నట్టే, రచయిత అసలు పేరు (తెలిస్తేనే), ఇంగ్లీషు నెల–సంవత్సరం, తెలుగు నెల–సంవత్సరం, సంపుటం, సంచిక, పేజీలు, సొంతమా అనువాదమా అనుసరణా, కథ చెప్పేది ఎవరు, ప్రధాన స్త్రీ పాత్ర వయసు చెప్పారా, చెబితే ఎంత, చదువు, వైవాహిక స్థితి, ముగింపు రకం, ఉదాహరించదగ్గ వాక్యం పేజీతో సహా, స్కాన్ ఫైలు పేరు. అచ్చు పేరుకీ అసలు పేరుకీ వేరు గడులు ఎందుకంటే ఆ రోజుల్లో కలం పేర్లు ఎక్కువ, ఆడపేరుతో రాసిన మగవాళ్లూ ఉన్నారు. కింద స్త్రీ పేరు కనిపించగానే ‘రచయిత్రి’ గడిలో వేసేస్తే మార్జిన్_నోట్ గారు చెప్పిన ఆఖరి ప్రశ్న మొత్తం కూలుతుంది. తేలనివాటికి ‘తేలలేదు’ అని మూడో వర్గం పెట్టండి. అనువాదమని చెప్పకుండా వేసిన బెంగాలీ, ఇంగ్లీషు కథల విషయంలోనూ అంతే.

ముగింపు రకానికి ముందే కోడ్లు రాసుకోండి. ముప్పై కథలు చదివాక ఆ కోడ్లు సరిపోవు. అప్పుడు మార్చండి, మార్చిన తేదీ రాసుకుని మొదటి ముప్పై మళ్లీ చూడండి. అందరూ ఎగ్గొట్టేది ఈ రెండోసారి చూడటమే. దాంతో మొదట చదివిన కథలకి ఒక కొలత, చివర చదివినవాటికి ఇంకో కొలత అవుతుంది.

ఫైలు పేరు ‘భారతి_1934_07_పు045’ తరహాలో సంవత్సరం ముందు, నెల తర్వాత రెండంకెలతో పెడితే వాటంతటవే వరసలో నిలబడతాయి.

కాగితప్పడవ

చాలా థాంక్సండీ ఇద్దరికీ. చార్టు ఇవాళే మొదలుపెడతాను. స్కాన్ల నుంచి ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తించడం) చేసి ఉదాహరణలు ఎత్తుకోవచ్చా? పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు ఉంచాలా, తీసెయ్యాలా? అను ఫాంట్ల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

ఒత్తులమేస్త్రి

అను వద్దు. డీటీపీ వాళ్ల చెయ్యి దాని మీద వేగంగా ఆడుతుంది, నిజమే. కానీ అందులో తెర మీద కనిపించేది తెలుగు, లోపల దాగుండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి ఇంకోచోట అతికించి చూడండి, పిచ్చి గీతలొస్తాయి. ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ చదివేది ఆ పిచ్చిగీతల్నే. రిపోర్టు సున్నా శాతం అని వచ్చినా దానికి అర్థం లేదు, తెలిసిన లైబ్రేరియన్ అయితే వెనక్కి పంపుతారు. శోధగంగలోకి ఎక్కాక మీ థీసిస్‌లో ఏ మాట వెతికినా దొరకదు. అను నుంచి ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి కానీ ఒత్తులు తారుమారవుతాయి, 250 పేజీలు మళ్లీ ప్రూఫు చూడాలి. అంతకంటే విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్క్రిప్ట్ గానీ ఫొనెటిక్ గానీ కీబోర్డు నేర్చుకుని మీరే కొట్టుకోవడం తేలిక.

వర్డ్‌లో తెలుగుతో వచ్చే గొడవలు మూడు. ఒకటి, ఫాంటు డబ్బాలో (కంట్రోల్ డి) పైన ఉండే అమరిక తెలుగుకి వర్తించదు, కింద ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని ఉన్నచోట ఫాంటూ సైజూ పెట్టాలి. అది స్టైల్‌లోనే మార్చండి. లేకపోతే అంకెలు ఒక సైజులో, తెలుగు ఇంకో సైజులో వస్తాయి, బోల్డ్ సగం మాటలకే పడుతుంది. రెండు, లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి, ‘మల్టిపుల్’ 1.5 పెట్టండి. మూడు, ఫుట్‌నోట్ 10 సైజులో వస్తుంది, తెలుగు అంత చిన్నగా చదవలేం, 11 చెయ్యండి.

ఫాంటు ఎంచుకునేముందు ఈ లైను కొట్టి ప్రింటు తీసి చూడండి: లక్ష్మి, స్వాతంత్ర్యం, దారిద్ర్యం, వైశిష్ట్యం, ఉజ్జ్వల, గుఱ్ఱము, వాఁడు. మండలి, సూరన్న, గురజాడ, నోటో సెరిఫ్ తెలుగు అన్నీ ఉచితమే. తెరమీద బాగున్న ఫాంటు కాగితం మీద నల్లగా ముద్దకట్టొచ్చు, అందుకే ప్రింటు తీసి చూడమంటున్నాను. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. ఇన్‌డిజైన్ అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చెయ్యాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. థీసిస్‌కి ఇవేమీ అక్కర్లేదు, వర్డ్ చాలు. అధ్యాయాల పేర్లకి హెడింగ్ స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతటదే తయారవుతుంది. చేత్తో పేజీ నంబర్లు కొట్టారంటే ప్రింటింగ్ ముందురోజు రాత్రి జాగారమే.

ఓసీఆర్ గూగుల్ డ్రైవ్‌లో ఫర్వాలేదు, కానీ 1930ల అచ్చు మీద ప–వ, మ–య, ధ–థ, బ–భ కలిపేస్తుంది. పాత వలపలగిలకని (అక్షరం కుడిపక్కన వేసే రకారపు గుర్తు) తొమ్మిది అంకెలాగానో ఇంకేదోగానో చదువుతుంది. వెతుక్కోవడానికి వాడండి. థీసిస్‌లోకి ఎక్కే ప్రతి వాక్యం స్కాన్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి.

అరసున్న, బండి ఱ ఉదాహరణల్లో ఉంచండి, రెండింటికీ యూనికోడ్ ఉంది. వలపలగిలక మాత్రం అచ్చు తీరు కాబట్టి మామూలు రేఫగా మార్చుకోవచ్చు. ఏం మార్చారో ఉపోద్ఘాతంలో ఒక్క పేరాలో చెప్పండి. సగం ఉదాహరణల్లో ఉంచి సగంలో తీసేస్తేనే చూసేవాళ్లకి చిరాకు.

గ్రంథసూచి తయారుచేసే జొటెరో వాడితే తెలుగు పేర్లని ఒకే గడిలో పెట్టే అమరిక ఎంచుకోండి. మనకి ఇంటిపేరు ముందే ఉంటుంది. రెండు గడుల్లో పెడితే అది తనకి తోచినట్టు తిరగేసి కామా కొడుతుంది. ‘పిహెచ్‌డి’ లాంటి మాటల్లో కంటికి కనపడని నాన్-జాయినర్ గుర్తు ఉంటుంది. ఒకచోట అది పెట్టి, ఒకచోట పెట్టకపోతే వర్డ్ వెతుకులాటలో సగం దొరకవు. మొదటినుంచీ ఒకే పద్ధతి.

సెక్షన్_కిటికీ

నిబంధనల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. 2022 నవంబరు యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నియమావళి ప్రకారం కోర్సువర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్లు. మహిళలకి, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకి ఆపైన మరో 2 ఏళ్లు. మహిళలకి ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కాలంలో 240 రోజుల దాకా ఉంది. ఆర్‌ఏసీ ముందు ప్రతి సెమిస్టరూ హాజరు కావాలి. మీ గైడు రిటైర్మెంటు ఎప్పుడో ఇవాళే కనుక్కోండి. రిటైరయ్యాక కో-సూపర్‌వైజర్‌గానే ఉండగలరు, అదీ 70 ఏళ్ల వయసు దాకా. గైడు మారితే కొత్తవాళ్లు అధ్యాయాల క్రమం మొత్తం మార్చమన్న సందర్భాలు బోలెడు. ఆ తేదీ మీ థీసిస్ మధ్యలో పడుతుంటే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

సమర్పణకి ముందు జర్నల్ వ్యాసం తప్పనిసరి అనే షరతు యూజీసీ 2022లో తీసేసింది. కానీ విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం ఆర్డినెన్సు (నియమాలు) తీసి చదవండి, సీనియర్ల మాట మీద ఉండకండి.

ప్లేజరిజం పట్టించుకుంటారు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు చిన్న పోలిక కింద వదిలేస్తారు. 10 దాటి 40 లోపయితే నిర్ణీత గడువులో, అది 6 నెలలు మించకుండా, సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చెప్పిన ఉదాహరణలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. మామూలు మాటల పోలిక వరుసగా 14 పదాల వరకు వదిలేస్తారు. మీ థీసిస్‌లో కథల్లోంచి ఎత్తినవి చాలా ఉంటాయి. కొటేషన్ గుర్తులు సరిగ్గా పెట్టకపోతే అవన్నీ మీ సొంత వాక్యాలుగా లెక్కపడతాయి. తెరిచిన గుర్తు మూయడం మర్చిపోతే ఆ పేరా మొత్తం పోయినట్టే.

ప్లాను చివరి నుంచి వెనక్కి వెయ్యాలి. సమర్పణ నెల అనుకోండి. దానికి ముందు నెల ప్రింటు, బైండింగు, సంతకాలు, నో డ్యూస్ (బాకీలు లేవన్న పత్రం). అంతకుముందు రెండు నెలలు ప్రీ-సబ్మిషన్ సెమినార్, అక్కడ చెప్పిన సవరణలు. ఆ ముందు నెలన్నర గైడుగారు పూర్తి ప్రతి చదవడానికి. రాయడం అధ్యాయానికి రెండు నెలల లెక్కన ఐదింటికి పది. చదివి చార్టు నింపడం ఆరేడు నెలలు. కలిపితే దాదాపు రెండేళ్లు, మూడేళ్లలో ముగించాలంటే మీకు మిగిలిందీ దాదాపు అంతే. అందుకని రోజుకి నాలుగు సంచికల చొప్పున ముప్పై పనిదినాల్లో కథల జాబితా ముందు పూర్తి చెయ్యండి. చదవడం ఆ తర్వాత.

పాతసంచిక గారితో ఒక్కచోట కలవను. చార్టు మొత్తం నిండాకే రాయడం మొదలుపెట్టమన్నట్టు వినిపించింది. మొదటి నలభై కథలు అవగానే ఒక అధ్యాయం చిత్తు రాసి గైడుకి ఇవ్వండి. ఏ గడులు పనికిరావో, ఏవి తక్కువయ్యాయో రాయడానికి కూర్చుంటేనే తెలుస్తుంది. 120 సంచికలూ నింపాక తెలిస్తే వెనక్కి పోలేరు.

పాతసంచిక

ఒప్పుకుంటాను, అలాగే చెయ్యండి. నలభై కథలు ఒకే ఏడాదివి కాకుండా 1930, 1935, 1939 మూడింట్లోంచి తీసుకుంటే ఇంకా మంచిది.

కాగితప్పడవ

ఆఖరి సందేహం. అనుబంధంలో ముఖ్యమైన కథల స్కాన్లు పూర్తిగా పెట్టమని ఒక సీనియర్ అన్నారు. పెట్టొచ్చా?

సెక్షన్_కిటికీ

వద్దు. మన దేశంలో కాపీరైటు రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1930ల్లో రాసినవాళ్లలో ఆ తర్వాత చాలాకాలం బతికినవాళ్లు ఉన్నారు. థీసిస్ శోధగంగలోకి వెళితే అందరికీ అందుబాటులో ఉంటుంది, కథ మొత్తం అందులో ఉంటే మళ్లీ ప్రచురించినట్టే. అనుబంధంలో చార్టు పెట్టండి: కథ, రచయిత, సంచిక, పేజీలు, ముగింపు కోడు. ఒక చిన్న పని చెయ్యండి. చూసిన సంచికలెన్ని, కథలెన్ని అన్న అంకెలు సంక్షిప్తిలో, ఉపోద్ఘాతంలో, ముగింపులో, అనుబంధంలో నాలుగుచోట్లా ఒకటేనా అని ప్రింటుకి ముందు సరిచూడండి. చివర్లో దొరికిన రెండు సంచికలు చార్టులో చేర్చి సంక్షిప్తిలో మార్చడం మర్చిపోతుంటారు. పరీక్షకులు ముందు తిప్పేది ఆ పేజీలే.